పుంగనూరు పెళ్ళి బిర్యానీలో ఉప్పు

నర్సింగ్ పూర్తిచేసి బీపీ క్లినిక్‌లో డ్యూటీ పడిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి మొహాలు వేలాడేస్తారు. "ఆపరేషన్ థియేటర్ అయితే ఏదో పని చేసినట్టుంటుంది మేడమ్. ఇక్కడేముంది, చేతికి పట్టీ చుట్టడం, గాలి కొట్టడం, అంకె రాయడం" అంటారు. నాకు చర్రున కోపం వస్తుంది. థియేటర్లో మనిషి మత్తులో ఉంటాడు, మనం చెప్పినట్టు పడుకోక చేసేదేమీ లేదు. బీపీ క్లినిక్‌కు వచ్చే మనిషి మెలకువగా ఉంటాడు. మనం చెప్పిందంతా తల ఊపుతూ విని, ఇంటికెళ్ళి తనకు తోచిందే చేస్తాడు. అలాంటివాడి పళ్ళెం, నడక, నిద్ర మార్పించి, రేపో మాపో రావలసిన గుండెపోటును రాకుండా చేయడం ఎంత గొప్ప పనో వీళ్ళకింకా తెలియదు. రాని జబ్బుకు ఎవరూ దండ వెయ్యరు కాబట్టి ఆ సంతోషం మనమే పడాలి. నేను ఉద్యోగమంతా పడ్డాను.

నా పేరు రెడ్డెమ్మ. మాది కలికిరి. నర్సుగా మదనపల్లె, కుప్పం, పుంగనూరు ఆస్పత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీల గోల మీకెందుకు? ముఖ్యంగా ఒక్క మనిషి కథ చెప్తాను. అందులోనే ఈ ఉద్యోగం మొత్తం ఉంది.

గరిటె పట్టిన చెయ్యి

పుంగనూరులో నా సర్వీసు చివరి ఏళ్ళవి. ఖాదర్ బాషా మా క్లినిక్‌కు తనంతట తాను రాలేదు. ఆయన భార్య గుల్జార్ చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. బాషా పెళ్ళిళ్ళ వంటమాస్టరు. చుట్టుపక్కల నిఖా జరిగినా, రైతుల ఇళ్ళల్లో పెళ్ళయ్యాక మాంసాల భోజనం పెట్టినా పెద్ద డేక్సాల ముందు ఆయనే ఉండాలి. ఆయనకు ఆ విద్య నేర్పింది అన్న మస్తాన్. ఆ అన్న ఒక పెళ్ళిలో బిర్యానీలోకి పప్పు దాల్చా కలుపుతూ కలుపుతూనే పొయ్యి పక్కన కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆయనకు బీపీ ఉందని ముందే తెలుసు. "తలకాయ నొప్పే లేదు, నాకేం బీపీ" అని మాత్రలు పక్కన పెట్టినవాడు.

నేను బాషాను కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టి బీపీ చూశాను. కాసేపాగి మళ్ళీ చూశాను. రెండుసార్లూ బాగా ఎక్కువే ఉంది. డాక్టరు గుండె స్కాన్ చేయించమన్నారు. రిపోర్టులో గుండె గోడ మందమైందని వచ్చింది. ఏళ్ళ తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురొడ్డి రక్తాన్ని తోస్తుంటే గుండె కండ అలాగే మందమెక్కుతుంది. అదేదో బలం అనుకునేరు, కాదు, అలసట. "ఇప్పుడు జాగ్రత్తపడితే ఆగుతుంది, మీ అన్న దారిలోనే పోతానంటే నేనేం చెయ్యలేను" అన్నారు డాక్టరు.

బాషా అన్నిటికీ తల ఊపాడు. బయటికొచ్చాక నా దగ్గర ఆగాడు.

"సిస్టరమ్మా, మాత్రలు మింగుతా. బీడీ ఇడిసిపెడతా. నడిసేదానికీ సరే. ఉప్పు జోలికి మాత్రం రావద్దు."

"యాల బాషా భాయ్?"

జవాబు చెప్పకుండా చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. గుల్జార్ వెనకే ఉండిపోయింది.

"నువ్వే ఏదో ఒకటి సెయ్యల్ల అమ్మా" అంది. "వాళ్ళన్న పోయేటప్పుడు పట్టుకోనుండిన గరిటెనే ఈయన ఇప్పుడు పట్టుకోనుండాడు. పెండ్లికి పొయినప్పుడంతా ఇంటికి వస్తాడో రాడో అని సూస్తా కూసుంటా."

ఆమె మాట నన్ను వదల్లేదు. బాషాను అన్న దారి నుంచి మళ్ళించాలి, దానికి ముందు ఆ 'యాల'కు, ఉప్పు జోలికి ఎందుకు రావద్దన్నాడో దానికి, జవాబు దొరకాలి. ఆ జవాబు దొరకబుచ్చుకునే ఓపిక నాకు అంతకుముందు పనిచేసిన రెండు ఊళ్ళు నేర్పాయి.

మదనపల్లెలో ఒక కుర్చీ

మదనపల్లె టమోటా మార్కెట్ హమాలీలు బుట్టలు దించి, చెమట తుడుచుకుంటూ నేరుగా ఓపీకి వచ్చేవాళ్ళు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే నిలబెట్టి బీపీ చూసి, అంకె ఎక్కువగా ఉంటే మందు రాసి పంపేవాళ్ళు. ఆ మందేసుకొని మార్కెట్లో కళ్ళు తిరిగి పడినవాళ్ళూ ఉన్నారు. మా హెడ్ సిస్టర్ ఇది చూసి గదిలో ఒక మూలకు వీపు ఆనే కుర్చీ వేయించింది. దాంట్లో కూర్చోకుండా ఎవరి చేతికీ పట్టీ చుట్టకూడదని హుకుం. కాళ్ళు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, అప్పుడే టీ తాగి ఉండకూడదు, మాట్లాడకూడదు. "మనిషి కూర్చున్నాక వాడి గుండె కూర్చునేదానికి ఇంకాస్త టైం పడుతుంది" అనేది. క్యూ పెరుగుతోందని పెద్ద డాక్టరు కేకలేస్తే ఆమె కూడా గట్టిగానే సమాధానం చెప్పేది. ఇప్పటికీ సగం ఆస్పత్రుల్లో ఆ కుర్చీ లేదు, ఉన్నచోట దాని మీద ఫైళ్ళు ఉంటాయి.

ఆ పెద్ద డాక్టరు చేతివాసి మంచిది కానీ, సలహా మాత్రం ఒక్క గుక్కలో చెప్పేవాడు. "ఉప్పు మానెయ్, నడువ్, టెన్షన్ పెట్టుకోకు, నెక్స్ట్." ఒక హమాలీ బిక్కమొహం వేసి, "తెల్లార్నుంచి బుట్టలు నెత్తిన పెట్టుకోని నడస్తానే ఉండాను కద సార్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఉప్పు మానేశావా అని అతన్ని అడిగితే ఎప్పుడో మానేశానన్నాడు. క్యారియర్ తీయమన్నాను. రాగి సంగటి, చెనక్కాయ ఊరిబిండి పచ్చడి, మామిడికాయ ఊరగాయ, వేయించిన ఊరమిరపకాయలు. పళ్ళెంలో పైన చల్లుకునే ఉప్పు నిజంగానే మానేశాడు. ఎసట్లో వేసింది, ఊరగాయలో ఊరింది అతని దృష్టిలో ఉప్పే కాదు. అప్పటినుంచి ఉప్పు తింటావా అని ఎవర్నీ అడగలేదు. పొద్దున్నుంచి ఏమేం తిన్నావో చెప్పమనేదాన్ని. మీరూ అలాగే అడగండి, కథలు కథలుగా చెప్తారు.

కుప్పంలో ఒక రైలు

కుప్పంలో నాకు ఒక లక్షుమ్మ దొరికింది. గుడుపల్లె మనిషి, రోజూ తెల్లవారే రైలెక్కి బెంగళూరుకు ఇళ్ళల్లో పనికి పోయేది. మాత్రలు తీసుకెళ్ళేది, బీపీ మాత్రం దిగేది కాదు. మందు మింగడం లేదని డాక్టరు కసిరారు. నేను పక్కకు తీసుకెళ్ళి ఆమె రోజెలా గడుస్తుందో పొద్దుటినుంచి చెప్పించుకున్నాను.

"అది మింగితే మాటిమాటికి పాసుకు పోవల్ల కదమ్మా" అంది సిగ్గుపడుతూ. "రైల్లో నిలబడే దానికే జాగా ఉండదు. ఆడ లెట్రిన్ ముందర కూడా మనుషులు కూసోనుంటారు. యాడికి పోయేది?"

డాక్టరుతో చెప్పి ఆ మందు మార్పించాం. నేనైనా ఆ రైల్లో పోతే అదే చేసేదాన్ని. మన సలహా మనిషి రోజులో ఇమడాలి, ఇమడకపోతే తప్పు మనిషిది కాదు. లక్షుమ్మ పూర్తిగా కుదురుకుంది. రైలుపెట్టెలో తోటి ఆడవాళ్ళందరి చేతా ఊరగాయ సీసాలు ఇంట్లో పెట్టించి, దోసకాయలు, ఉడకేసిన చెనక్కాయలు తెప్పించే పెద్దరికం కూడా చేసింది. అది చెప్పడానికి ఆస్పత్రికి వచ్చిన రోజు ఇద్దరం చేతులు పట్టుకొని నవ్వుకున్నాం.

ఇంట్లో చప్పిడి, పెళ్ళిలో విందు

ఇప్పుడు పుంగనూరుకు వద్దాం. బాషా నెలనెలా వస్తున్నాడు. మాత్ర మింగుతున్నాడు, బీడీ దాదాపు మానేశాడు. బీపీ కాస్త దిగి అక్కడే మొండికేసింది. గుల్జార్ ఒట్టేసి చెప్పింది, ఇంట్లో ఉప్పు గల్లు లేదని. ఉప్పు తగ్గించమంటే ఆమె మొత్తం మానేసింది. పాపం పిల్లలతో సహా అందరూ చప్పిడే తింటున్నారు. నాకు రుచి చూపించడానికి డబ్బాలో కూర తెచ్చింది. నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుంది.

మరి ఉప్పు ఒంట్లోకి ఎక్కణ్ణుంచి పోతోంది? అది ఒక పెళ్ళిలో తెలిసింది. మాతో పనిచేసే అమ్మాయి చెల్లెలి నిఖాకు వెళ్ళి, ఊరుకోలేక వంటల దగ్గరికి నడిచాను. బాషా గరిటెతో ఖుర్మా తీసి అరచేతిలో పోసుకొని జుర్రాడు. పక్క డేక్సాలో దాల్చా, మళ్ళీ అరచెయ్యి. ఆ పక్కన వంకాయ కూర. అటు తిరిగొచ్చి ఇంకా ఏదో తక్కువైందని మళ్ళీ ఖుర్మా. ఇక వంట ముగిశాక మాస్టరుకు ఇవ్వాల్సిన హిస్సా అని క్యారియర్ నిండా భోజనం కట్టిస్తారు. ఇంట్లో గుల్జార్ రానివ్వదు కాబట్టి దాన్ని టీ అంగడి వెనక స్నేహితులతో కూర్చొని ఖాళీ చేస్తున్నాడట. చప్పిడి తిని తిని నాలుక వాచిన మనిషి మరి. ఇంట్లో పూర్తిగా మాన్పించడమే ఇంత కొంప ముంచింది.

"ఇంట్లో పిల్లోళ్ళకు ఉప్పు లేదు. ఈడ నువ్వు అరచేత్తో తాగుతాండావే బాషా భాయ్" అన్నాను.

గరిటె మూత మీద పెట్టాడు. మొహం ఎర్రబడింది.

"నా నాలికే నా అంగడి సిస్టరమ్మా. నువ్వు సెప్పినట్ల సప్పిడికి అలవాటు పడిందనుకో, కొంచెం ఉప్పేస్తానే సాలనిపిస్తాది నాకు. ఊరోళ్ళ నాలిక అట్ల కాదు కదా. వాళ్ళకు సప్పగా ఉంటాది. ఒక్క పెండ్లిలో ఉప్పు తక్కవని మాట వస్తే సాలు, మా అన్న సంపాదించిన పేరు ఆ పూటకే పోతాది. సస్తే సస్తా గానీ ఆ మాట పడను."

ఎవరైనా అయితే ఆ మాటకు బాధపడాలి. నాకేమో సంతోషం పట్టలేదు. ఇన్నాళ్ళకు 'యాల'కు జవాబు దొరికింది. పైగా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఉప్పు తగ్గిస్తే కొన్ని వారాలకు నాలుక మారుతుంది, మునుపు సరిపోయింది అప్పుడు ఎక్కువనిపిస్తుంది. మేమందరం దాన్ని శుభవార్తలా చెప్తుంటాం, "భయపడొద్దు, అలవాటైపోతుంది" అని. బాషాకు భయమే అది. మేం ధైర్యం చెప్పిన కొద్దీ ఆయన బెదిరిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదామని మేమనుకున్నాం కానీ, ఆయన అందరికన్నా బాగా విన్నాడు.

రంజాన్ గంజి

సమస్య తెలిసింది, విరుగుడు తెలియలేదు. పొద్దున లేచినా, బస్సులో కూర్చున్నా అదే ఆలోచన. వేరేవాళ్ళతో రుచి చూపించుకోమంటే, "ఇంగొకని నాలికతో నేను వంట సెయ్యల్నా" అన్నాడు.

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. పుంగనూరులో మసీదు గంజి వండేది కూడా బాషానే. పొద్దుగూకేవేళ ఉపవాసం విడిచేవాళ్ళ కోసం కాచే గంజి అది. ఏటా ఒక క్యాను ఆస్పత్రికి కూడా పంపుతారు. సాయంత్రం డ్యూటీలో నేను గ్లాసు నిండా పోసుకొని తాగుతున్నాను. కొత్తిమీర, వెల్లుల్లి, పెసరపప్పు, అన్నీ సమంగా పడ్డాయి. ఉప్పు ఎంత కావాలో అంతే ఉంది. రెండో గుక్కకు ఒక సంగతి తట్టింది. వండిన మనిషి తెల్లవారుజాము నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు కదా.

గ్లాసు అక్కడే పెట్టి, పక్క సిస్టరుకు చెప్పి, మసీదు వెనక్కు పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఉపవాసం విడిచి, బాషా అప్పుడే డేక్సా కడిగిస్తున్నాడు.

"ఈ గంజిలో ఉప్పు ఎవురు సూసినారు?" అన్నాను.

"రోజాలో ఎవురు సూస్తారమ్మా. ఎవురూ నోట్లో ఏసుకోరు."

"మరి అంత సరిగ్గా ఎట్ల పడె?"

"దాన్దేముంది. నీళ్ళెంత, బియ్యమెంత అని సూస్తానే సెయ్యి ఏసేస్తాది. ఉడికేటప్పుడు వాసనకు తెలుస్తాది..." అంటూ ఆగిపోయాడు.

బాషా తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"అరె" అన్నాడు నెమ్మదిగా. "నెలంతా ఊరు తాగుతాది. ఒక్కరన్నా ఒక మాట అనలేదే."

బిర్యానీ వేరు, గంజి వేరు అని కాసేపు వాదించాడు. చివరికి ఒప్పందం కుదిరింది. పెళ్ళిలో ఉప్పు వేసేది చెయ్యి. నాలుక కొసకు ఒక్క చుక్క తగిలించి ఉమ్మేయడం మాత్రమే రుచి. అరచెయ్యి పట్టకూడదు. హిస్సా భోజనం వద్దని, దానికి బదులు మిగిలిన కూరగాయలు, అరటిపళ్ళు ఇంటికి తీసుకుపోవాలి. గుల్జార్‌ను పిలిచి ఉప్పు డబ్బా బయటికి తీయమన్నాను, ఆమె బిత్తరపోయింది. చప్పిడి వద్దు, మునుపటిలాగే వెయ్యి, కొన్ని వారాలకోసారి చిటికెడు తగ్గించు, ఊరగాయ, అప్పడం పండక్కి దాచు, నిమ్మకాయ, మిరియం, వెల్లుల్లి ఎక్కువ చెయ్యి అన్నాను. నాలుక్కి తెలియకుండా దాన్ని మోసం చేయాలి అంటే బాషా నవ్వాడు. "అదే కదమ్మా మా పని" అన్నాడు. అప్పటినుంచి పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఇంట్లో గరిటె కూడా ఆయనే పట్టాడు. తెల్లవారు నమాజు కాగానే బైపాస్ దాకా నడక మొదలుపెట్టాడు. బీడీ మాత్రం రెండుసార్లు మళ్ళీ పట్టుకున్నాడు, గుల్జార్ తిట్టింది, నేను తిట్టాను, వదిలాడు. మాత్ర ఒక్కరోజు కూడా ఆపనివ్వలేదు. ఇది కొత్త పిల్లలు గుర్తుపెట్టుకోవాలి, తిండీ నడకా బాగుపడ్డాయని మనమే మాత్ర మాన్పిస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

బీపీ మొండితనం వదిలింది. తర్వాతి స్కాన్ చూసి డాక్టరు, గోడ మందం పెరగలేదు, కాస్త తగ్గినట్టే ఉందన్నారు. నేను అక్కడే డాక్టరు ముందే చప్పట్లు కొట్టాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు, నేను లెక్కచెయ్యలేదు.

ఎవరూ ఏమీ అనని పెళ్ళి

అప్పటికి ఆయన నాలుక మారిపోయింది. పాత లెక్కన ఉప్పేసిన ఖుర్మా చుక్క నాలుక మీద పడితేనే మొహం ముడుచుకునేవాడు. ఆ సమయంలో ఊళ్ళో పెద్ద వ్యాపారి ఇంట్లో నిఖా పడింది. బాషా నన్ను కూడా రమ్మన్నాడు. చేతిని నమ్మి వేశాడు. వేశాక పందిరి గుడ్డ పక్కకు జరిపి మొదటి పంక్తి మొహాలు చూస్తూ నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన బీపీ ఎంత ఎక్కిందో కానీ నాది మాత్రం తప్పకుండా ఎక్కింది.

భోజనం మధ్యలో ఒక పెద్దాయన చెయ్యెత్తి, "బాషా యాడ?" అని కేకేశాడు. బాషా కదల్లేకపోయాడు. నేను వెనక నుంచి తోస్తే ముందుకెళ్ళాడు.

"వచ్చే నెల మా ఇంట్లో నిఖా ఉండాది. తేదీ పెట్టుకోకముందే నిన్ను అడగమని మా ఇంటామె సెప్పింది. ఖాళీగా ఉంటావా?" అన్నాడాయన, దాల్చా పోయించుకుంటూ.

ఆ రోజు ఉప్పు గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. వంటవాడికి అంతకన్నా మెప్పు లేదని బాషా చెప్పాడు. గుడ్డ వెనక్కి వచ్చి, తుండుతో మొహం కప్పుకొని కాసేపు కూర్చున్నాడు. వాళ్ళన్న గుర్తొచ్చి ఉంటాడు.

నా రిటైర్మెంట్ భోజనం

నేను రిటైరైన రోజు ఆస్పత్రి ఆవరణలో వంట బాషాదే. నన్ను ఎవర్నీ పిలవనివ్వలేదు, క్లినిక్‌కు వచ్చే బీపీ మనుషులందరినీ తనే పిలిచాడు. అందరి మధ్యా నా పళ్ళెంలో బిర్యానీ పెట్టి, దాల్చా పోసి, పక్కనే నిలబడ్డాడు.

"ఉప్పు సరిపోయిందా సిస్టరమ్మా?"

"బాగుండాది. నీ బిర్యానీ ఎప్పుడూ ఉండేట్లనే ఉండాది" అన్నాను.

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎప్పుడూ ఉండేట్ల లేదమ్మా. ఇంట్లో నువ్వు సెప్పినట్లే పెండ్లిండ్లల్లోనూ సేస్తాండా. ఒక్కో పెండ్లికి ఇంత ఇంత తగ్గిస్తా వస్తాండా. మా అన్న ఏసే లెక్కకు ఇప్పుడు పిడికిలికి పైనే తక్కవ. ఊరు ఒక్క మాట అనలేదు."

ఇన్నేళ్ళు నేను ఒక్కొక్క చేతికీ పట్టీ చుట్టి చెప్పిన మాట, ఈయన ఊరంతటి చేతా తినిపించాడు. లేచి అందరికీ చాటాలనిపించింది. నాకింత కాలం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు సెప్తే సంతోషం పట్టలేక ఊరంతా సాటేస్తావు. తెలిసిందంటే ఆ పూట నుంచే అందరికీ సప్పగా ఉంటాది" అన్నాడు. నన్ను అంత సరిగ్గా ఎవరూ చదవలేదు. నోరు మూసుకొని ఇంకో గరిటె దాల్చా పోయించుకున్నాను.

మరి ఇప్పుడు ఎలా రాస్తున్నానంటారా? మొన్న వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. బాషా నడకకు వెళ్ళి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. గుల్జార్ నిమ్మకాయ పిండిన మజ్జిగ ఇచ్చింది, అందులో ఉప్పు లేదని తాగడం అయ్యాక గానీ నాకు తోచలేదు.

"రాసుకో అమ్మా, ఇంగ భయం లేదు" అన్నాడాయన. "మొన్న ఒక పెండ్లిలో కొత్త వంటోడు మా అన్న లెక్కన ఉప్పేసినాడు. ఊరోళ్ళు నోట్లో పెట్టుకోలేక పళ్ళేల్లోనే ఇడిసిపెట్టి లేసిపాయిరి."